ఖాకీ విప్పాక బీమా బాట
పోలీసు కొలువు నుంచి బీమా ఏజెన్సీకి మారడానికి పదో తరగతి చదువు, కొద్ది గంటల శిక్షణ, ఒక పరీక్ష చాలు. కానీ నిన్నటిదాకా భయంతో తలుపు తీసిన ఇంటివాళ్లు రేపు నమ్మకంతో తీయాలంటే అవి సరిపోవు.

రాయ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ వెళ్లే రైలు మార్గంలో సుమారు 40 కిలోమీటర్ల దూరాన వచ్చే తిల్దా-నేవరాలో ఖాకీ దుస్తులతో ఓ మనిషి ఇంటి ముందు ఆగితే లోపలివారికి కలిగే సందేహం ఒకటే: ఏం జరిగింది? అదే మనిషి పదవీ విరమణ చేసిన ఆరు నెలలకు మామూలు చొక్కాతో, చంకలో ప్లాస్టిక్ ఫైలుతో అదే గుమ్మం ముందు నిలబడితే ఇంకో సందేహం వస్తుంది: ఈయన మాటకు కాదంటే ఏమవుతుంది? పోలీసు ఉద్యోగం నుంచి బీమా ఏజెన్సీకి మారినవారి కొత్త జీవితం ఈ రెండో సందేహం దగ్గరే మొదలవుతుంది. దాన్ని తీర్చగలిగినవారే నిలబడతారు. దాన్నే వాడుకోవాలని చూసినవారికి మొదటి ఏడాది పాలసీలు దొరుకుతాయి, రెండో ఏడాది ప్రీమియాలు రావు.

తిల్దా పెద్ద ఊరేం కాదు. చుట్టూ వరి పొలాలు, ఊళ్లో రైస్ మిల్లులు, పక్క స్టేషన్ బైకుంఠ్‌లో సిమెంటు కర్మాగారం. ఇదే బ్లాకులోని రాయ్‌ఖేడాలో తెలుగువారి సంస్థ జీఎంఆర్ నిర్మించిన 1,370 మెగావాట్ల విద్యుత్ కేంద్రం 2019లో అదానీల చేతికి వెళ్లింది. రైతు, మిల్లు కూలీ, కాంట్రాక్టు కార్మికుడు, చిన్న వ్యాపారి కలిసి బతికే ఇలాంటి చోట పోలీసును గుర్తుపట్టనివారు తక్కువ. బీమా కంపెనీలకు కావలసిందీ అదే. ఏజెంటును ఎంచుకునేటప్పుడు అవి ముందు చూసేది అతనికి ఎంతమంది తెలుసన్నదే. పాతికేళ్లకు పైగా వీధులు, పల్లెలు తిరిగిన హవల్దారుకు ఆ జాబితా నోటికొచ్చు. పింఛను ఉంటుంది కాబట్టి తొలి నెలల్లో కమీషన్ రాకపోయినా ఇల్లు గడుస్తుంది.

మర్గ్ నేర్పిన పాఠం

ఛత్తీస్‌గఢ్ పోలీసు స్టేషన్లలో అసహజ మరణం నమోదైతే దాన్ని 'మర్గ్' అంటారు. రైలు కింద పడినా, పాము కరిచినా, లారీ ఢీకొన్నా, పురుగుల మందు తాగినా ముందు మర్గ్, తర్వాత పంచనామా, ఆపై పోస్టుమార్టం. ఆ కాగితాలు రాసిన చేతికి ఒక సంగతి బాగా తెలుసు. శవం దగ్గర ఏడుస్తున్న భార్యకు ఆ క్షణాన కనిపించని కష్టం పదిహేను రోజుల తర్వాత మొదలవుతుంది. అప్పు ఎవరికెంత ఉందో తెలియదు, బ్యాంకు పాసుపుస్తకం ఎక్కడుందో తెలియదు, పాలసీ ఉందో లేదో అసలే తెలియదు.

బీమా క్లెయిములో అవసరమయ్యేవి కూడా ఈ కాగితాలే. ప్రమాద మరణమైతే ఎఫ్ఐఆర్, పంచనామా, పోస్టుమార్టం నివేదిక అడుగుతారు. పాలసీ తీసుకున్న మూడేళ్లలోపు మరణిస్తే కంపెనీ విచారణ జరుపుతుంది. 2015లో సవరించిన బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం మూడేళ్లు దాటాక పాలసీని ఏ కారణంతోనూ ప్రశ్నించడానికి వీల్లేదు. ఏ కాగితం ఏ కార్యాలయంలో దొరుకుతుందో, పేరులో ఒక అక్షరం తేడా వస్తే ఎన్నాళ్లు తిరగాలో మామూలు ఏజెంటు దెబ్బతిని నేర్చుకుంటాడు. మాజీ పోలీసుకు అది ఉద్యోగమే నేర్పింది.

ప్రతిపాదన పత్రం నింపడంలోనూ పాత అనుభవం పనికొస్తుంది. అది ఒక రకంగా వాంగ్మూలం. మధుమేహం ఉందని చెబితే ప్రీమియం పెరుగుతుందని దాచిన మాటే రేపు భార్యాపిల్లల క్లెయిముకు అడ్డుపడుతుంది. వాంగ్మూలంలో దాచిన చిన్న విషయం కోర్టులో కేసును ఎలా కూల్చుతుందో చూసినవాడు ఈ ముక్కను అందరికంటే బాగా చెప్పగలడు. చెప్పకుండా సంతకం పెట్టించడమూ అతనికే తేలిక. తేడా మనిషిలోనే ఉంది.

వాహన బీమాలో ఈ మార్పు మరీ విచిత్రంగా కనిపిస్తుంది. చౌరస్తాలో బండి ఆపి కాగితాలు చూపించమన్నవారే ఇప్పుడు ఆ కాగితాలు అమ్ముతారు. థర్డ్ పార్టీ బీమా లేకుండా బండి నడిపితే మొదటిసారి రూ. 2,000 జరిమానా అని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం చెబుతోంది. 2018 సెప్టెంబర్ 1 నుంచి కొత్త కారుకు మూడేళ్లు, కొత్త బైకుకు అయిదేళ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరైంది. అయిదేళ్లు గడిచాక దాన్ని మరచిపోయే బైకు యజమానులకు గుర్తుచేయడమే ఇక్కడ సగం వ్యాపారం. జరిమానా పేరు చెప్పి భయపెడితే పాలసీ అమ్ముడవుతుంది. ఆ బైకు ఢీకొని ఎవరైనా చనిపోతే పరిహారం ఎవరి ఆస్తి మీద పడుతుందో వివరిస్తే పాలసీతోపాటు గౌరవమూ దక్కుతుంది.

యూనిఫాంలో ఉండగా కుదరదు

ఈ మార్పులో చట్టం గట్టిగా గీసిన గీత ఒకటుంది. కొలువులో ఉండగా ఈ పని చేయకూడదు. పోలీసు ఉద్యోగి అనుమతి లేకుండా మరో ఉపాధిలో ఉండరాదని 1861 నాటి పోలీసు చట్టం పదో సెక్షన్‌లోనే ఉంది. ఛత్తీస్‌గఢ్‌కు మధ్యప్రదేశ్ నుంచి వారసత్వంగా వచ్చిన 1965 నాటి సివిల్ సర్వీసుల ప్రవర్తన నిబంధనలు ఇంకో అడుగు ముందుకేశాయి. ఏజెన్సీ భార్య పేరునో, కుటుంబంలో మరొకరి పేరునో ఉన్నా సరే, దానికోసం ఉద్యోగి జనాన్ని అడగడం నిబంధనల ఉల్లంఘనే. కేంద్ర ఉద్యోగులకూ ఇలాంటి నిబంధనే ఉంది.

కారణం ఊహించడం కష్టం కాదు. కేసులో ఇరుక్కున్న వ్యాపారికి స్టేషన్‌లో పాలసీ పత్రం అందిస్తే అతను దాన్ని చదివి సంతకం చేయడు. అది అమ్మకం కాదు, వసూలు. పదవీ విరమణతో నిబంధన తొలగిపోతుంది గానీ ఆ నీడ అంత త్వరగా తొలగదు. స్టేషన్‌లో ఇంకా తనవాళ్లున్నారన్న సంగతి ఊరికి తెలుసు. మోసం, విశ్వాస ఘాతుకం, ఫోర్జరీ వంటి నేరాల్లో శిక్ష పడినవారు ఏజెంటుగా పనికిరారని బీమా చట్టం 42వ సెక్షన్ అంటోంది. అయితే పరోక్ష ఒత్తిడికి ఏ సెక్షనూ కొలమానం పెట్టలేదు.

'ఏజెంట్' అన్న మాటకు పట్టిన మచ్చ

ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో ఏజెంట్ అనగానే జనం వెనక్కి తగ్గడానికి మరో కారణం ఉంది. అక్కడ 'చిట్‌ఫండ్ కంపెనీ' అంటే తెలుగువారు ఎరిగిన రిజిస్టర్డ్ చిట్టీ కాదు. రెట్టింపు ఆశ చూపి డిపాజిట్లు గుంజి బోర్డు తిప్పేసిన సంస్థ. కంపెనీ పెద్దలు మాయమయ్యాక జనానికి దొరికింది తమ ఊరి ఏజెంటే. కేసులు కూడా అతని మీదే పడ్డాయి. డిపాజిట్లు తిరిగి ఇప్పిస్తామని, ఏజెంట్లపై కేసులు ఎత్తేస్తామని 2018 అసెంబ్లీ ఎన్నికల్లో కాంగ్రెస్ హామీ ఇచ్చి, అధికారంలోకి వచ్చాక ఆ పని చేపట్టిందంటే సమస్య ఎంత విస్తరించిందో అర్థమవుతుంది. తెలుగు రాష్ట్రాల పాఠకులకు అగ్రిగోల్డ్ గుర్తుండే ఉంటుంది. సుమారు 32 లక్షల ఖాతాలు, దాదాపు రూ. 6,400 కోట్లు. అక్కడా ఊళ్లో తలెత్తుకోలేకపోయింది ఏజెంట్లే.

అలాంటి కేసుల్లో ఫిర్యాదులు రాసుకున్న పోలీసే ఇప్పుడు ఏజెంటు. ఇది ఇబ్బందే కాదు, అవకాశం కూడా. మోసం ఎలా జరిగిందో దగ్గరగా చూసినవాడు రసీదు కంపెనీ పేరున ఉండాలనీ, డబ్బు చేతికి కాకుండా బ్యాంకు ద్వారా కట్టాలనీ తానే ముందు చెప్పగలడు. తన కమీషన్‌లో కొంత తిరిగిస్తానని ఆశ చూపే ఏజెంటును నమ్మవద్దనీ చెప్పగలడు. అలా తిరిగివ్వడం బీమా చట్టం 41వ సెక్షన్ కింద నేరం. 2015 సవరణ తర్వాత జరిమానా రూ. 10 లక్షల దాకా ఉంటుంది.

జీతం కాదు, సాగు

నెల మొదటి తేదీన జీతం అందుకోవడానికి అలవాటుపడినవారిని ఎక్కువగా కుంగదీసేది ఆదాయమే. 2016 నిబంధనల ప్రకారం బీమా కంపెనీయే ఏజెంటును నియమిస్తుంది. ఒక్కొక్కరు ఒక జీవిత బీమా కంపెనీకి, ఒక సాధారణ బీమా కంపెనీకి, ఒక ఆరోగ్య బీమా కంపెనీకి పనిచేయవచ్చు. ఎవరూ జీతమివ్వరు. 2024 అక్టోబర్ 1 నుంచి సరెండర్ విలువ నిబంధనలు మారడంతో ఎల్ఐసీ మొదటి ఏడాది కమీషన్‌ను గరిష్ఠంగా 35 నుంచి 28 శాతానికి తగ్గించింది. తర్వాతి సంవత్సరాల కమీషన్‌ను 5 నుంచి 7.5 శాతానికి పెంచింది.

ఒక లెక్క చూద్దాం. ఏడాదికి రూ. 15,000 ప్రీమియం ఉన్న దీర్ఘకాల పాలసీలు పన్నెండు అమ్మితే మొత్తం ప్రీమియం రూ. 1,80,000. మొదటి ఏడాది 28 శాతం లెక్కన రూ. 50,400, అంటే నెలకు రూ. 4,200. ఏటా పన్నెండు చొప్పున అమ్ముతూ పాతవన్నీ నిలబడితే అయిదో ఏట కొత్తవాటి మీద రూ. 50,400, పాత 48 పాలసీల మీద రూ. 54,000 వస్తాయి. అంటే అయిదో ఏడాదికి పాత పాలసీలు కొత్తవాటికంటే ఎక్కువ తెచ్చిపెడతాయి. కానీ అన్నీ నిలబడవు. ఎల్ఐసీలో 2023-24లో ప్రీమియం లెక్కన 13వ నెలకు నిలిచినవి సుమారు 78 శాతం, 61వ నెలకు సుమారు 61 శాతం.

మొహమాటానికో, భయానికో తీసుకున్న పాలసీలే ముందుగా రాలిపోతాయి. అందుకే హవల్దార్ సాబ్ మాట కాదనలేక సంతకం చేసినవాళ్ల జాబితా ఎంత పొడవున్నా దాని మీద అయిదో ఏడాది ఆదాయం రాదు.

నిలబడే పాలసీ కట్టేవాడి రాబడిని బట్టి ఉంటుంది. తిల్దా రైతుకు డబ్బు కనిపించేది ధాన్యం అమ్మినప్పుడు. 2023-24 సీజన్‌లో రాష్ట్ర ప్రభుత్వం ఎకరాకు 21 క్వింటాళ్ల వరకు, క్వింటాలుకు రూ. 3,100 లెక్కన చెల్లించింది. చలికాలపు కొనుగోళ్ల తర్వాత బ్యాంకులో డబ్బు పడే ఆ రైతుకు నెలవారీ ప్రీమియం అంటగడితే వానాకాలం నాటికి వాయిదా తప్పుతుంది. ఏడాదికోసారి, ధాన్యం డబ్బు చేతికొచ్చే వేళకు గడువు పెడితే నిలుస్తుంది. మిల్లు కూలీకి ఇదీ భారమే. అతనికి ముందు చెప్పవలసింది బ్యాంకు ద్వారా ఏడాదికి రూ. 20తో రూ. 2 లక్షల ప్రమాద బీమా ఇచ్చే సురక్షా బీమా, రూ. 436తో రూ. 2 లక్షల జీవిత బీమా ఇచ్చే జీవన్ జ్యోతి గురించి. వాటి మీద ఏజెంటుకు మిగిలేది నామమాత్రం. అయినా చెప్పినవాడి దగ్గరికే ఆ కూలీ కొడుకు ఉద్యోగం రాగానే మొదటి పాలసీ కోసం వస్తాడు.

కాదనే హక్కు

చట్టం కొనుగోలుదారుకు ఒక ఆయుధం ఇచ్చింది. 2024 నిబంధనల ప్రకారం పాలసీ చేతికందాక 30 రోజుల్లోగా నచ్చలేదంటూ తిప్పి పంపవచ్చు. స్వల్ప కోతలు పోను డబ్బు వెనక్కి వస్తుంది. ఆ గడువు దాటాక వివాదం వస్తే ముందు కంపెనీకి, అక్కడ న్యాయం జరగకపోతే ఛత్తీస్‌గఢ్‌వాసులు భోపాల్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఈ సంగతులు కస్టమరుకు చెప్పడానికి చాలామంది ఏజెంట్లు ఇష్టపడరు.

మాజీ పోలీసుకు మాత్రం ఇది అందరికంటే ఎక్కువ అవసరం. పాలసీ చేతిలో పెడుతూ, ఇష్టం లేకపోతే 30 రోజుల్లో వెనక్కి ఇచ్చేయండి, నేనేమీ అనుకోను అని అతను పైకి చెప్పాలి. సర్వీసంతా ఆదేశించిన గొంతుకు ఆ మాట అంత సులభంగా రాదు. అది విన్నాక కూడా ఆ ఇంటివాళ్లు పాలసీని ఉంచుకుంటేనే అతను కొత్త ఉద్యోగంలో చేరినట్టు.