కొండకు దొర పేరు

ఉత్తర అమెరికా మొత్తానికీ పెద్ద కొండ అలాస్కాలో ఉంది. ఎత్తు 20,310 అడుగులు. ఆ చుట్టుపక్కల తరతరాలుగా బతుకుతున్న కొయుకాన్ జనం దాన్ని డెనాలి అంటారు. అంటే ఎత్తయినది. 1896లో బంగారం వెతుక్కుంటూ అటు వెళ్లిన విలియం డికీ దానికి మెకిన్లీ పేరు తగిలించాడు. అప్పటికి మెకిన్లీ అమెరికా అధ్యక్షుడు కూడా కాదు, రిపబ్లికన్ పార్టీ అభ్యర్థి మాత్రమే. డాలరుకు బంగారం ఒక్కటే ఆధారంగా ఉండాలా, వెండికీ చోటివ్వాలా అన్నది ఆ ఎన్నికల్లో పెద్ద తగవు. మెకిన్లీది బంగారం పక్షం. బంగారం తవ్వుకునేవాడికి ఆయన నచ్చడంలో వింత లేదు. 1897 జనవరిలో డికీ న్యూయార్క్ పత్రిక ఒకదానిలో ఆ కొండ గురించి రాశాడు, పేరు పటాలకెక్కింది. మెకిన్లీ మాత్రం ఆ కొండనే కాదు, అలాస్కానే ఎన్నడూ చూడలేదు. ఎన్నికలయ్యాక గోడరాతలు వానకు కరిగిపోతాయి. ఈ ఒక్కటీ కొండ మీద మిగిలిపోయింది.

మిగిలింది దానంతట అది కాదు, కాపలా పెడితే. 1901లో మెకిన్లీ హత్యకు గురయ్యాక ఆ పేరుకు సానుభూతి తోడైంది. 1917లో అమెరికా కాంగ్రెస్ అక్కడ జాతీయ పార్కు ఏర్పరచి దానికీ అదే పేరు పెట్టింది. అలాస్కాకు రాష్ట్ర హోదా వచ్చిందే 1959లో, కాబట్టి అప్పట్లో కాదనడానికి సభలో ఓటున్న ప్రతినిధి కూడా వాళ్లకు లేడు. 1975లో రాష్ట్రం తన వరకు డెనాలి పేరును ఖాయం చేసుకుని, దేశమంతటా అలాగే మార్చమని కేంద్రాన్ని అడిగింది. అడ్డుపడ్డది మెకిన్లీ సొంతూరు కాంటన్ ఉన్న ఒహాయో నియోజకవర్గ సభ్యుడు రాల్ఫ్ రెగ్యులా. ఒక పేరు మీద కాంగ్రెస్‌లో బిల్లు పెండింగులో ఉంటే భౌగోళిక నామాల బోర్డు దాని జోలికి పోదు. అది కనిపెట్టిన రెగ్యులా ఏళ్ల తరబడి ఏదో ఒక బిల్లు పెడుతూ వచ్చాడు. అవి నెగ్గనక్కర్లేదు, పెండింగులో ఉంటే చాలు! 1980లో పార్కు పేరు డెనాలిగా మారినా, అందులోని కొండ మెకిన్లీగానే ఉండిపోయింది. 2015లో ఒబామా ప్రభుత్వం కొండ పేరునూ మార్చింది. 2025 జనవరి 20న, ప్రమాణస్వీకారం చేసిన రోజే, ట్రంప్ మళ్లీ మెకిన్లీ పేరు తెస్తూ ఉత్తర్వు ఇచ్చాడు. ఉత్తర్వుతో నిలిచే పేరు ఉత్తర్వుతోనే పోతుంది. నాయకుడికి గౌరవమని మనం అనుకునేది నిజానికి ఆయన పేరును ప్రతి ఎన్నికకూ పందెం కాయడం.

ఇది అమెరికాకే పరిమితం కాదు. సోవియట్ దేశంలో అన్నిటికన్నా ఎత్తయిన, 7,495 మీటర్ల పామీరు శిఖరానికి 1930ల్లో స్టాలిన్ పేరు పెట్టారు. స్టాలిన్ పోయాక, ఆయన కీర్తీ మసకబారాక, 1962లో అది కమ్యూనిజం శిఖరమైంది. ఆ దేశమే లేకుండా పోయాక తజికిస్తాన్ దానికి వెయ్యేళ్ల కిందటి రాజు ఇస్మాయిల్ సోమోని పేరు పెట్టుకుంది. ఇంతకన్నా ఆలోచింపజేసేది ఫ్లోరిడా సంగతి. 1963లో కెనడీ హత్య జరిగిన వారంలోపే అధ్యక్షుడు జాన్సన్ అక్కడి కేప్ కెనావెరల్‌ను కేప్ కెనడీగా మార్చాడు. రాకెట్ల కేంద్రానికీ ఆ పేరే పెట్టాడు. కెనడీ మీద అక్కడివాళ్లకు కోపమేమీ లేదు. అయినా నాలుగు వందల ఏళ్లుగా పటాల్లో ఉన్న పేరు పోయిందని ఊరుకోలేక, 1973లో దాన్ని తిరిగి తెచ్చుకున్నారు. రాకెట్ల కేంద్రానికి మాత్రం నేటికీ కెనడీ పేరే. చంద్రుడి మీదికి మనిషిని పంపాలని సంకల్పించినవాడి పేరు ఆ కేంద్రానికి అతికింది, సముద్రంలోకి చొచ్చుకొచ్చిన నేలకు అతకలేదు.

పేర్లన్నీ మనుషులు పెట్టినవే కదా, ఆకాశం నుంచి ఊడిపడ్డవి కావు కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. డెనాలి కూడా ఏకైక పేరు కాదు, దక్షిణాన ఉండే డెనైనా జనం తమ భాషలో ఆ కొండను పెద్దకొండ అంటారు. అయితే ఆ పేర్లు రెండూ కొండను చూసి పెట్టినవి. మెకిన్లీ అన్న పేరు కొండ గురించి ఏమీ చెప్పదు, మెకిన్లీ గురించీ చెప్పదు. మరి ఒబామా చేసిందీ రాజకీయమే కదా అన్న మాటకు కొంత బలం ఉంది. కానీ ఆ కోరిక ఒబామాతో పుట్టలేదు. 1913లో ఆ శిఖరమెక్కిన బృందానికి నాయకుడైన హడ్సన్ స్టక్, మరుసటి ఏడు వేసిన పుస్తకానికి డెనాలి పేరే పెట్టి, స్థానికుల పేరును పునరుద్ధరించమని ముందుమాటలోనే వేడుకున్నాడు. శిఖరం మీద మొదట కాలుపెట్టింది వాల్టర్ హార్పర్, కొయుకాన్ తల్లి బిడ్డ. 2025 ఉత్తర్వును కాదన్నవారిలో ట్రంప్ పార్టీకే చెందిన అలాస్కా సెనేటర్ లీసా మర్కౌస్కీ ఉంది. డెనాలి పేరే ఉంచమని రాష్ట్ర శాసనసభ తీర్మానం కూడా చేసింది.

మనకూ ఇది కొత్త కాదు. మదనపల్లె దగ్గరి ఏనుగు మల్లమ్మ కొండ, కడప కలెక్టరు ఒకాయన వేసవి బంగళా కట్టుకున్న పుణ్యాన హార్స్‌లీ కొండ అయింది. అండమాన్‌లో హేవ్‌లాక్ దీవికి ఉన్నది 1857 తిరుగుబాటును అణచిన సేనాని పేరు. 2018లో దాన్ని తీసేసి స్వరాజ్ దీవి అన్నారు. తీసేయడం న్యాయమే. పెట్టింది కూడా ఒక వ్యక్తి పేరు కాకపోవడం నయం. గ్రేట్ నికోబార్ దక్షిణపు కొస మాత్రం ఇందిరాగాంధీ పేరు మీద ఇందిరా పాయింట్ అయింది. సియాచిన్ హిమానీనదం ఉత్తరపు కొసన ఇందిరా కోల్ అనే కనుమ ఉంది. అదీ ఆమె పేరేనని చాలామంది నమ్మకం. ఆ పేరు 1912లో ఫానీ బుల్లక్ వర్క్‌మన్ అనే అమెరికన్ పర్వతారోహకురాలు లక్ష్మీదేవిని తలచుకుని పెట్టింది. ఇందిరాగాంధీ పుట్టింది 1917లో.