నాయిన సంచిలోని కోర్టు కాగితం

మాది సివిల్ బ్రాంచి. "సివిల్ కంటెంప్ట్" అన్న మాట మొదటిసారి విన్నప్పుడు మా డిపార్ట్‌మెంటును ఎవరో తిడుతున్నారనుకున్నా. నవ్వకండి, మీలో కూడా సగం మందికి తెలియదు.

మాది దేవరకొండ దిక్కు. రోడ్డు వెడల్పులో మా అరెకరం పోయింది. పరిహారం కోసం నాయిన హైకోర్టు దాకా పోయిండు. దరఖాస్తును ఎనిమిది వారాల్లో పరిశీలించి నిర్ణయం తీసుకోమని ఆర్డరు వచ్చింది. ఆ గడువు దాటి ఏడు నెలలైంది. దసరాకు ఇంటికి పోతే ప్లాస్టిక్ కవరులోంచి ఆ కాగితం తీసి, "కోర్టు చెప్తే కూడా వినకపోతే ఇంక ఎవరు చెప్పాల్రా?" అన్నడు. అందుకే చట్టం తీసి చదివాను.

కోర్టు ధిక్కార చట్టం 1971లో వచ్చింది. కోర్టు ఉత్తర్వును కావాలని పాటించకపోయినా, కోర్టుకు ఇచ్చిన హామీని కావాలని తప్పినా సివిల్ ధిక్కారం. "కావాలని" అన్న ఒక్క మాట మీదనే కేసంతా నిలబడుతుంది. ఆర్డరు సంగతే తెలియకపోయినా, చేయడం నిజంగా అసాధ్యమైనా, ఆర్డరుకు రెండు అర్థాలు వచ్చేలా ఉన్నా ధిక్కారం అనడం కష్టం. అందుకే ముందు ఆర్డరు కాపీ జతచేసి పోస్టులో నోటీసు పంపుతారు. తర్వాత "మాకు తెలియదు" అనడానికి వీలుండదు.

శిక్ష ఆరు నెలల దాకా సాధారణ జైలు, లేదా 2,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. రెండు వేలకు ఎవరు భయపడతారని నేనూ అనుకున్నా. గుంటూరు కేసు చదివాక తెలిసింది. అక్కడ 2013-14లో హైకోర్టు ఆదేశం ఉండగానే ఒక తహసీల్దారు పేదల గుడిసెలు కూల్పించారు. హైకోర్టు రెండు నెలల జైలు వేసింది. కేసు నడుస్తుండగానే ఆయన డిప్యూటీ కలెక్టరయ్యారు. 2025 మేలో సుప్రీంకోర్టు జైలుకు బదులు ఆయన్ను మళ్ళీ తహసీల్దారు స్థాయికి దించి, లక్ష రూపాయలు కట్టమంది.

మన జిల్లాల్లోనూ పెద్ద ఉదాహరణ ఉంది. పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల పనులు పర్యావరణ అనుమతి వచ్చేదాకా ఆపమని 2021 అక్టోబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పింది. పనులు ఆగలేదని 2022 డిసెంబరులో రాష్ట్రం మీద 900 కోట్లకు పైగా వేసింది. అందులో 300 కోట్లు ఆదేశాన్ని కావాలని ఉల్లంఘించినందుకే. (ఇది ధిక్కార కేసు కాదు, కానీ పేచీ అదే.) చేసేవి తాగునీటి పనులేనని ప్రభుత్వం వాదించింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ జరిమానాపై స్టే ఇచ్చి, తాగునీటి పనుల వరకు చేసుకోనిచ్చింది. మునుగోడు దిక్కు ఫ్లోరైడ్ నీళ్ళతో వంకరపోయిన కాళ్ళు చూసినవాణ్ణి, తాగునీళ్ళంటే నాకు తేలికమాట కాదు. అయినా ఆ మినహాయింపు ముందే పోయి అడగాల్సింది. ఆర్డరు తప్పనిపిస్తే పైకోర్టుకు పోవాలి, అది రద్దయ్యేదాకా మాత్రం పాటించాలి. మనకు మనమే మినహాయింపు ఇచ్చుకుంటే, మా నాయిన ఫైలు తొక్కిపెట్టిన ఆఫీసుకూ అదే హక్కు వస్తుంది కదా!

ఇంక రెండు సంగతులు నాయినకు చెప్పాల్సి వచ్చింది. ఒకటి, ధిక్కారం జరిగిన ఏడాదిలోపే కేసు వేయాలి. మాకు మిగిలింది ఐదు నెలలే. రెండోది చెప్పడం కష్టమైంది. కోర్టు "పరిశీలించండి" అన్నదే గాని "ఇవ్వండి" అనలేదు. రేపు వాళ్ళు కారణాలు రాసి దరఖాస్తు తిరస్కరిస్తే ఆర్డరు పాటించినట్టే. అప్పుడు ఆ తిరస్కారం మీద మళ్ళీ కొత్త కేసు.

నాయిన చానాసేపు ఏం మాట్లాడలేదు. "కాదంటే కాదని రాసియ్యమను. గా కాగితమన్నా ఉంటది చేతిల" అన్నడు.

సోమవారం నోటీసు పోస్టు చేశాం. అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు ఇంకా తిరిగి రాలేదు.