స్టాక్ ఓవర్‌ఫ్లోలో పరపతి లెక్క

స్టాక్ ఓవర్‌ఫ్లోలో కొత్తగా ఖాతా తెరిచినవారి పేరు పక్కన 1 అనే అంకె కనిపిస్తుంది. ప్రోగ్రామర్ల సందేహాలను ప్రోగ్రామర్లే తీర్చుకోవడానికి జెఫ్ ఆట్‌వుడ్, జోయెల్ స్పోల్‌స్కీ 2008లో మొదలుపెట్టిన ఈ ప్రశ్నోత్తరాల వేదికలో ఆ అంకెను రెప్యుటేషన్ అంటారు. తెలుగులో పరపతి అన్న మాట దానికి అతికినట్టు సరిపోతుంది. పరపతి అంటే అప్పు పుట్టించే నమ్మకం అని కూడా అర్థం. సహకార పరపతి సంఘాల పేరులో ఉన్నది అదే.

ఈ పాయింట్లు రాసినందుకు రావు, రాసింది పనికొచ్చిందని ఇంకొకరు ఒప్పుకుంటేనే వస్తాయి. అంతకుముందు 2005లో మొదలైన యాహూ ఆన్సర్స్ పద్ధతి వేరు. అక్కడ ఖాతా తెరవగానే 100 పాయింట్లు చేతికొచ్చేవి. ప్రశ్న అడిగితే 5 పోయేవి, ఏ జవాబు రాసినా 2 వచ్చేవి. ఆ రెండింటి కోసం ‘నాకు తెలియదు’ అని రాసిపోయేవారూ ఉండేవారు. 2021లో అది మూతపడింది.

ఒక ఇంజినీరింగ్ విద్యార్థి పైథాన్‌లో ఫైలు తెరిస్తే తెలుగు అక్షరాల బదులు పిచ్చిగుర్తులు వస్తున్నాయని అడిగాడనుకుందాం. రాసిన కోడు, వచ్చిన గుర్తులు రెండూ ప్రశ్నలోనే పెట్టాడు. ఫైలు తెరిచేటప్పుడే ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని చెప్పాలని, లేకపోతే విండోస్ తన సొంత అలవాటు ప్రకారం చదువుతుందని ఒకరు జవాబిచ్చారు. ఆ జవాబుకు నాలుగు అప్‌వోట్లు పడితే ఒక్కోదానికి 10 చొప్పున 40. విద్యార్థి దాని పక్కన ఆకుపచ్చ టిక్కు పెడితే మరో 15. ఎవరో నచ్చక డౌన్‌వోట్ వేస్తే 2 పోతాయి. మొత్తం 53. విద్యార్థికీ వాటా ఉంది: ప్రశ్నకు పడిన ప్రతి అప్‌వోటుకు 10, టిక్కు పెట్టినందుకు 2. ప్రశ్నకు దక్కే ఓటు విలువ కొన్నేళ్లపాటు 5 మాత్రమే. అడగడమూ ఒక పనేనని 2019 నవంబరులో 10 చేసి, పాత ఓట్లకూ వర్తింపజేశారు. దాంతో చాలామంది పరపతి రాత్రికి రాత్రే పెరిగింది.

ఇతరుల జవాబుకు డౌన్‌వోట్ వేసేవారు తమ ఖాతాలోంచి 1 వదులుకోవాలి. కోపం ఊరికే తీర్చుకోవడానికి వీల్లేదన్నమాట. ప్రశ్నలకు వేసే డౌన్‌వోటుకు మాత్రం ఈ ఖర్చు లేదు. కొత్తవారి ప్రశ్నల మీద డౌన్‌వోట్లు ఇట్టే పడిపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

రాబడి శ్రమను బట్టి ఉండదు. విమ్ అనే ఎడిటర్‌లోంచి బయటపడేదెలా అని 2012లో ఒకరు అడిగిన చిన్న ప్రశ్నను 2017 నాటికి పది లక్షలసార్లు చూశారు. అలాంటి ప్రశ్నకు రాసిన నాలుగు ముక్కల జవాబు ఏళ్ల తరబడి పాయింట్లు తెచ్చిపెడుతుంది. ఎవరికో ఒకరికే వచ్చే గడ్డు సమస్యను రాత్రంతా కూర్చుని తేల్చినవారికి ఒక టిక్కు, ఒక ఓటు దక్కితే గొప్ప. ఈ కొలత జ్ఞానాన్ని కాదు, అక్కరను తూస్తుంది.

అలాంటి గడ్డు ప్రశ్నల కోసమే బౌంటీ ఉంది. రెండు రోజులైనా సరైన జవాబు రాకపోతే తన పరపతిలోంచి 50 నుంచి 500 దాకా నజరానాగా ప్రకటించవచ్చు. గడువు వారం. ఎవరూ గెలవకపోయినా ఆ పాయింట్లు వెనక్కి రావు.

ఓట్ల ద్వారా రోజుకు 200కు మించి రావు. టిక్కులు, బౌంటీలు ఈ పరిమితిలోకి రావు. సీషార్ప్ పుస్తకాల రచయిత జాన్ స్కీట్ 2018 జనవరిలో పది లక్షల పాయింట్లు దాటిన తొలి వ్యక్తి అయ్యారు. వేదిక పుట్టి అప్పటికి సుమారు 3,400 రోజులు. రోజూ 200 తప్పకుండా వచ్చాయనుకున్నా 6.8 లక్షలే. మిగతావి టిక్కులు, బౌంటీలు తెచ్చినవే.

పరపతితో డబ్బు రాదు, హక్కులు వస్తాయి. చాలాకాలంగా నడిచిన పద్ధతిలో 15కి అప్‌వోట్, 50కి ఎక్కడైనా వ్యాఖ్య, 125కి డౌన్‌వోట్. 2,000కు ఇతరుల రాతలను నేరుగా దిద్దవచ్చు, 3,000కు పనికిరాని ప్రశ్నను మూసేయమని ఓటేయవచ్చు. కాపలా పని చాలావరకు ఇలా జనానికే అప్పగించారు.

మోసాలకూ కొదవలేదు. రెండో ఖాతాతో తనకు తానే ఓట్లు వేసుకోవడం, స్నేహితుడి జవాబులన్నిటికీ వరసగా అప్‌వోట్లు కొట్టడం మామూలే. ఇలాంటి ఓట్ల వరసలను పట్టుకుని రద్దుచేసే ప్రోగ్రామ్ ఒకటి నడుస్తూనే ఉంటుంది. వచ్చిన పాయింట్లు వచ్చినట్టే పోతాయి. చాట్‌జీపీటీ వచ్చిన కొద్ది రోజులకే, 2022 డిసెంబరులో, దానితో రాయించిన జవాబులను నిషేధించారు. చూడటానికి సరైనవిగా ఉండి, లోపల తప్పులున్న జవాబులు కుప్పలుగా వచ్చిపడటమే అందుకు కారణం.

పని జరిగిపోయాక టిక్కు పెట్టడం మరచిపోయేవారు ఎక్కువ. మీ ప్రశ్నకు ఎవరి జవాబైనా పనికొస్తే దాని పక్కన టిక్కు నొక్కండి. వారికి 15, మీకు 2.