బూడిద కింద నిలిచిన పాంపే

ఇటలీలో నేపుల్స్ నగరానికి ఆగ్నేయంగా, వెసూవియస్ అగ్నిపర్వతానికి దగ్గరలో ఉంది పాంపే. క్రీ.శ. 79లో ఆ పర్వతం బద్దలై కురిపించిన బూడిద, నురుగురాళ్లు ఈ రోమన్ పట్టణాన్ని నాలుగు నుంచి ఆరు మీటర్ల మందాన కప్పేశాయి. రోమ్ నగరంలో పాత కట్టడాల మీదే కొత్తవి లేచాయి. పాంపే మాత్రం ఒకే కాలం దగ్గర ఆగిపోయింది. అందుకే చక్రవర్తుల వైభవం కన్నా మామూలు జనం బతుకే ఇక్కడ ఎక్కువగా కనిపిస్తుంది.

తవ్వకాలు 1748లో మొదలయ్యాయి. తొలినాళ్లలో నేపుల్స్ రాజుగారి సేకరణ కోసం విగ్రహాలు, చిత్రాలు తీయడమే ముఖ్యంగా ఉండేది. 1863లో పురావస్తు శాస్త్రవేత్త జుసెప్పె ఫియొరెల్లి కొత్త పద్ధతి తెచ్చాడు. గట్టిపడిన బూడిదలో శరీరాలు కుళ్లిపోగా మిగిలిన ఖాళీల్లో ప్లాస్టర్ పోయించాడు. చివరి క్షణంలో మనుషులు ఎలా పడిపోయారో ఆ అచ్చుల్లో తేలింది. పట్టణం విస్తీర్ణం సుమారు 66 హెక్టార్లు. అందులో మూడో వంతు ఇంకా నేల కిందే ఉంది.

చూడవలసినవి ముందుగా వీధులే. రాళ్లు పరిచిన బాటల్లో బండిచక్రాల గాడులు లోతుగా పడి ఉన్నాయి. మురుగులో అడుగు పెట్టకుండా వీధి దాటేందుకు మధ్యలో ఎత్తైన రాళ్లు వేశారు, వాటి సందుల్లోంచి చక్రాలు వెళ్లేవి. కూడళ్లలో నీటి తొట్లు, రొట్టెల దుకాణాల్లో లావా రాతి తిరగళ్లు, పొయ్యిలు ఉన్నాయి. వండిన తిండి అమ్మిన అంగళ్ల అరుగుల్లో పెద్ద జాడీలు ఇప్పటికీ కనిపిస్తాయి. గోడల మీద ఎన్నికల ప్రచార రాతలు బయటపడ్డాయి. పట్టణం తూర్పు చివర ఉన్న క్రీడాంగణాన్ని క్రీ.పూ. 70 ప్రాంతంలో కట్టారు. రోమ్‌లోని కొలోసియం కన్నా అది సుమారు నూట యాభై ఏళ్లు పాతది.

దొరికిన మేలైన వస్తువులు మాత్రం నేపుల్స్ జాతీయ పురావస్తు మ్యూజియంలో ఉన్నాయి. అలెగ్జాండర్ యుద్ధాన్ని చూపే మొజాయిక్‌ను అక్కడే చూడవచ్చు. 1938లో పాంపేలో దొరికిన భారతీయ దంతపు స్త్రీమూర్తి కూడా అక్కడే ఉంది. రోమ్‌తో మన దేశానికి సాగిన వర్తకానికి అదొక సాక్ష్యం.

నేపుల్స్ నుంచి లోకల్ రైలు ప్రవేశద్వారం దగ్గరికే వెళుతుంది. లోపల నీడ తక్కువ, రాళ్లు ఎగుడుదిగుడు. గట్టి బూట్లు, టోపీ, నీళ్లసీసా ఉండాలి. పాంపేకు ఒక పూర్తి రోజు, మ్యూజియానికి మరో పూట కేటాయిస్తేనే ఈ యాత్ర పూర్తయినట్టు.