పదవి నిచ్చుటకు ముందే ప్రశ్న

కొన్నేండ్ల క్రిందట మా సంఘపు పాలకవర్గములోనికి పైనుండి ఒకరిని నామినేట్ చేసి పంపిరి. మనిషి మంచివారే. కాని మొదటి సమావేశములోనే, నూలు నెంబరు అనగా నేమని నన్నడిగిరి. ఆ సంవత్సరము నూలు కొనుగోలు ఆయన సంతకముపైననే జరిగినది. 80 నెంబరని వచ్చిన నూలు మగ్గముపై నిలువలేదు. పోగులు తెగి, నెల కూలి పోగొట్టుకొన్న కుటుంబములు పదునాలుగు. తప్పు ఆయన ఒక్కరిదే కాదు. పదవి నిచ్చుటకు ముందు ఆయనను ఒక్క ప్రశ్న అడిగినవారు లేరు. కార్యదర్శినై యుండి నేనును నోరు మెదపలేదు.

ఇది మన యింటి మాట. దేశములలోని పెద్ద పదవులకును చిక్కు ఇదియే. ఈ విషయమున ఆఫ్రికా ఖండములోని కెన్యా దేశము చేసికొనిన ఏర్పాటు మనవారు తెలిసికొనదగినది.

ఆ దేశపు రాజ్యాంగము 2010 ఆగస్టు 27వ తేదీన అమలులోనికి వచ్చినది. న్యాయమూర్తుల పేర్లను సిఫారసు చేయుటకును, వారిపై వచ్చు ఫిర్యాదులను పరిశీలించుటకును అందులో ఒక న్యాయసేవా కమిషనును ఏర్పరచిరి. సభ్యులు 11 మంది. ప్రధాన న్యాయమూర్తి దానికి అధ్యక్షులు. న్యాయమూర్తులు, న్యాయవాదులు గాక, ప్రజల పక్షమున ఒక స్త్రీ, ఒక పురుషుడు అందులో ఉండవలెను; వీరు న్యాయవాదులు కాకూడదు. ఈ యిద్దరిని నియమించునది రాష్ట్రపతియే గాని, జాతీయ శాసనసభ ఆమోదము లేనిదే ఆ నియామకము చెల్లదు.

ఆమోదమనగా చేతులెత్తి ముగించుట కాదు. 2011లో చేసిన చట్టము ప్రకారము, పేరు సభకు రాగానే ఒక ఉపసంఘమునకు పోవును. విచారణ ఎప్పుడు, ఎక్కడ జరుగునో కనీసము 7 రోజులు ముందుగా ప్రజలకు ప్రకటింపవలెను. ఆ వ్యక్తి తగరని తలచిన వారెవరైనను ప్రమాణపూర్వకముగా వ్రాసి, సాక్ష్యముతో సభా కార్యదర్శికి పంపవచ్చును. ఉపసంఘము చూడవలసినవి మూడు: ఈ పేరు ఏ పద్ధతిలో వచ్చినది? చట్టము కోరిన అర్హతలు కలవా? ఈ మనిషి శక్తి, అనుభవము, గుణము ఆ సంస్థ అవసరమునకు సరిపోవునా? విచారణ బహిరంగముగా జరుగవలెనని రాజ్యాంగమే చెప్పుచున్నది. సభ ఆమోదము కావలసిన ఇతర కమిషన్ల పదవులకును ఇదే పద్ధతి.

లోపము లేకపోలేదు. 2022లో మంత్రి పదవికి వచ్చిన ఒక పేరును ఉపసంఘము వలదనగా, పూర్తి సభ ఆ మాటను త్రోసి ఆమోదించినది. 2024లో మరొక పేరు విషయమున ఉపసంఘపు తిరస్కారమును సభ నిలిపినది. గడువులోగా సభ ఏమియు తేల్చనిచో ఆమోదించినట్లే లెక్క. బలము గలవారి మాట చెల్లుటకు అక్కడను సందు కలదు. అయినను ప్రశ్నయు, జవాబును పదిమంది ఎదుట జరుగును. తరువాత ఎవరును మాకు తెలియదనజాలరు.

మన పార్లమెంటు నియామకములకు ఇట్టి బహిరంగ విచారణ జరుపదు. కొన్ని పదవులకు ఎంపిక సంఘములు కలవు. కేంద్ర విజిలెన్స్ కమిషనరు పదవికి ప్రధానమంత్రి, హోంమంత్రి, లోక్‌సభ ప్రతిపక్ష నాయకులు కూడి పేరు సిఫారసు చేయుదురు. 2010లో అట్టి నియామకమొకటి ప్రతిపక్ష నాయకురాలి అసమ్మతిపై జరిగినది. ఆ అధికారిపై కేరళలో కేసు నడుచుచున్న సంగతిని సంఘము పరిగణింపలేదని 2011 మార్చి 3వ తేదీన సుప్రీంకోర్టు ఆ నియామకమును కొట్టివేసినది. వ్యక్తికన్న సంస్థ గౌరవము ముఖ్యమని తీర్పు సారాంశము. బహిరంగముగా అడిగియుండిన, ఆ సంగతిని ప్రక్కన పెట్టుట అంత సులభము కాకపోవును. 2020లో రద్దయిన అఖిల భారత చేనేత బోర్డుకును సభ్యులను ప్రభుత్వమే నామినేట్ చేసెడిది.

పార్లమెంటు మన చేతిలో లేదు. మన మహాజన సభ మన చేతిలో ఉన్నది. నామినేట్ అయి వచ్చువారిని ఆపు హక్కు మన బైలాలలో లేకపోవచ్చును. పిలిచి మర్యాదగా అడుగుటకు బైలా అక్కరలేదు. వచ్చు సభలో మా సంఘమున నేను పెట్టదలచిన తీర్మానమిది: వచ్చిన ప్రతి పేరును 7 రోజులు నోటీసు బోర్డుపై ఉంచవలెను. పిమ్మట సభ్యుల ఎదుట మూడు ప్రశ్నలు అడుగవలెను. మీ పేరు ఎవరు పంపిరి? నూలు, రంగు, కూలి లెక్కలు మీకెంత తెలియును? నూలు వ్యాపారముతో మీకు గాని మీవారికి గాని సంబంధము కలదా? జవాబులను మినిట్సులో వ్రాయవలెను. చెప్పనిచో చెప్పలేదనియు వ్రాయవలెను.

నూలు చెడిన ఆ యేడు, కండెలు చుట్టు ఒక ముసలమ్మ నన్ను నిలవేసి, “ఏం నాయనా, ఆయన్ని పెట్టేముందు మమ్మల్నొక మాట అడిగారా?” అన్నది. అప్పుడు నాయొద్ద జవాబు లేకపోయినది. ఈ సారి ఉండవలెను.