అంతర్జాతీయ నేరచట్టం, మన చట్టం: అపోహలు – వాస్తవాలు

జాతిసంహారం, మానవాళిపై నేరాలు, యుద్ధ నేరాలు అంతర్జాతీయ నేరచట్టంలో ముఖ్యమైనవి. దళితులపై జరిగిన కారంచేడు, చుండూరు ఊచకోతల గురించి మాట్లాడేటప్పుడూ ఈ పేర్లు వినిపిస్తాయి. వీటి చుట్టూ అపోహలు చాలానే ఉన్నాయి.

అపోహ: అంతర్జాతీయ ఒప్పందాన్ని ఆమోదిస్తే అదే దేశ చట్టమైపోతుంది.
వాస్తవం: ఒప్పందంలోని నేరానికి ఇక్కడ శిక్ష వేయాలంటే పార్లమెంటు చట్టం చేయాలి. రాజ్యాంగం 253వ అధికరణ అందుకు అధికారమిచ్చింది. జెనీవా ఒప్పందాలకు 1960లో చట్టం వచ్చింది. జాతిసంహార ఒప్పందాన్ని 1959లో ఆమోదించినా దానికి చట్టం రాలేదు. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ఆ నేరం లేదు. ఈ లోటును త్వరగా పూడ్చాలని 1984 సిక్కుల ఊచకోతకు సంబంధించిన సజ్జన్ కుమార్ కేసులో 2018లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది.

అపోహ: చుండూరు కేసును హేగ్ కోర్టుకు తీసుకెళ్లవచ్చు.
వాస్తవం: హేగ్‌లోని అంతర్జాతీయ నేర న్యాయస్థానాన్ని ఏర్పరచిన రోమ్ శాసనంపై 1998లో జరిగిన ఓటింగులో భారత్ తటస్థంగా ఉండిపోయింది, తర్వాతా చేరలేదు. పైగా 2002 జులై 1కి ముందు జరిగిన నేరాలను ఆ కోర్టు విచారించదు.

అపోహ: ఎక్కువమందిని చంపితే అది జాతిసంహారమే.
వాస్తవం: మృతుల సంఖ్యతో ఇది తేలదు. జాతి, తెగ, మతం, జాతీయత ఆధారంగా ఒక సమూహాన్ని పూర్తిగానో కొంతమేరకో తుడిచిపెట్టే ఉద్దేశం రుజువు కావాలి. జాతిసంహార ఒప్పందంలో కులం పేరు లేదు. మానవాళిపై నేరమనాలంటే పౌరులపై విస్తృతంగానో పథకం ప్రకారమో దాడి సాగి ఉండాలి.

అపోహ: హత్యకు సెక్షన్ ఉండగా వేరే చట్టం అక్కర్లేదు.
వాస్తవం: కారంచేడులో మాదిగల మంచినీటి చెరువు దగ్గర మొదలైన గొడవ, మర్నాడు 1985 జులై 17న ఆరుగురి ప్రాణాలు తీసిన దాడిగా మారింది. ఇలాంటి ఘటనల తర్వాతే 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. కులదాడిని అది ప్రత్యేక నేరంగా గుర్తించింది, విధుల్లో నిర్లక్ష్యం చేసిన అధికారికీ శిక్ష పెట్టింది. కింది వాళ్ల ఘోరాలను తెలిసీ ఆపని పై అధికారిని అంతర్జాతీయ నేరచట్టం కూడా బాధ్యుణ్ని చేస్తుంది.

అపోహ: చట్టం వస్తే న్యాయం జరిగినట్టే.
వాస్తవం: చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. కొందరి శవాలను గోనెసంచుల్లో కట్టి కాలువలో పడేశారు. బాధితులు పట్టుబట్టి ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. 2007లో 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు పడ్డాయి. నేరం రుజువు కాలేదంటూ 2014లో హైకోర్టు ఆ శిక్షలను కొట్టేసింది. ఇప్పుడు అంతర్జాతీయ నేరాలపై కొత్త చట్టం వచ్చినా, రాజ్యాంగం 20వ అధికరణ ప్రకారం అది పాత నేరాలకు వర్తించదు. అందుకే చట్టం ముందే ఉండాలి. దానికి తోడు పకడ్బందీ దర్యాప్తు, సాక్షులకు రక్షణ, ఏళ్లతరబడి సాగని విచారణ ఉండాలి.