కొండబాటలో కుక్కతోడు

మహాప్రస్థాన కథ మీరెఱిగినదే. హిమగిరి త్రోవలో ద్రౌపదియు, నలువురు తమ్ములును ఒకరి వెనుక నొకరుగా పడిపోగా, ధర్మరాజు వెంట తుదిదాక నడచినది కుక్క యొక్కటే. అది ధర్మదేవతయే గనుక దానికి అలసట లేదు. మన యింటి కుక్క అట్టిది కాదు. ఆ భేదమును గూర్చియే నేడు నాలుగు మాటలు చెప్పదలచితిని.

చైత్ర వైశాఖములలో విశాఖపట్టణపు యువకులు రెండు దినముల సెలవు దొరకగానే డేరాలు కట్టుకొని అనంతగిరికో, అరకులోయకో పోవుదురు. పెంపుడు కుక్కలను వెంట గొనిపోవుటయు కలదు. వేయి మీటర్ల యెత్తునకు పోయినచో వేడిమి సుమారు ఆరు డిగ్రీలు తగ్గును. అరకులోయ 900 మీటర్లకు పైబడిన యెత్తున నున్నది. కనుక గాలి చల్లగా తోచుట నిజము. కాని ఆ చల్లదనము నీడలోనిది. ఎండలోని బండకు ఆ దయ లేదు.

మనకు మేనంతయు చెమట పట్టి ఆఱుటవలన ఒడలు చల్లబడును. కుక్కకు అరికాళ్లలో తప్ప అట్టి చెమట పట్టదు. అది నోరు తెఱచి రొప్పుటచేత, నాలుకమీదను నోటిలోను గల తడి ఆవిరియై, వేడిని వెలికి గొనిపోవును. గాలిలో తేమ హెచ్చినకొలది ఈ యుపాయము మందగించును. దాని సహజోష్ణము 38 మొదలు 39 డిగ్రీల వఱకు. 41 దాటినచో ప్రాణాపాయము. పగ్గు వంటి చప్పిముక్కు జాతులకు రొప్పుటయే కష్టము. వానిని ఇంటనే యుంచుట మేలు.

మొన్నటి చైత్రమున, నాయొద్ద చదివిన జాలరిపేట యువకులు కొందఱు అనంతగిరికి పోవుచు నన్నును పిలిచిరి. వెంట రెండు కుక్కలు. పగలెల్ల పడవల నీడను, తడి యిసుకలో పండుకొను ప్రాణులవి. పదిగంటల వేళ కాఫీతోట నీడ తగులగానే నల్లకుక్క కూలబడినది. "తోకాడిస్తంది గదేటి మాస్టారూ, నడిసేస్తాది" అని యొకడనెను. వారిలో పెద్దవాడు, వేటకు పోవువాడు, "తోక సూడకురా, నాలిక సూడు" అని మందలించెను. నాలుక ఎఱ్ఱబారి, వెడల్పై వ్రేలాడుచుండెను. ఆనాటికి శిఖరము మానుకొని సాయంకాలము వఱకు అచ్చటనే యుంటిమి.

ఆ మాటలో శాస్త్రమంతయు నున్నది. కుక్క యజమాని నడచినంత దూరము నడచును; నిలుమని యడుగదు. కావున నిలువవలసినవాడు మనుష్యుడే. తెల్లవారుజామున బయలుదేరి, ఎండ ముదురకమునుపే మజిలీ చేరవలెను. బండమీద వెనుకచేయి ఏడు సెకండ్లు ఆనించలేకపోయినచో, కుక్క పాదములకును అది తగదు. దానికి వేఱుగా నీరు మోయవలెను. చొంగ చిక్కనై, చిగుళ్లు ఎఱ్ఱనై, అడుగు తడబడెనా, వెంటనే నీడకు చేర్చి, ఒడలెల్ల నీరు పోసి విసరవలెను. ఆపై పశువైద్యుని యొద్దకు గొనిపోవలెను.

అడవికిని మనవలన కీడు కలుగరాదు. పట్టణము ప్రక్కనే యున్న కంబాలకొండ అభయారణ్యము. చిరుతపులులు తిరుగు చోటు. అట్టి తావులకు కుక్కను గొనిపోరాదు. ఇతరమైన కొండలందును తాడు విడువరాదు. రాత్రి డేరాలోనే కట్టి యుంచవలెను. కుక్కలలో వ్యాపించు డిస్టెంపరు వ్యాధి వన్యమృగములకును సోకును. 2018లో గిర్ అడవియందు కొన్ని సింహములు దానివలననే మరణించినవి. కనుక ఆ వ్యాధికిని, పిచ్చికుక్క వ్యాధికిని టీకాలు వేయించిన పిమ్మటనే ప్రయాణము. తిరిగి వచ్చిన నాడు చెవులలోను, వ్రేళ్ల సందులలోను పిడుదులు వెదకి తీసివేయవలెను.

ధర్మరాజు కుక్కను విడిచి స్వర్గమునకు పోనొల్లడయ్యెను. మనము దానికొఱకు విడువవలసినది ఒక్కొకప్పుడు ఒక శిఖరము మాత్రమే.